చర్మం గుర్తుపెట్టుకున్నది

ఇవాళ పొద్దున చెవి వెనక వేలు పెట్టి చూసుకున్నాను. కాస్త గరుకుగా ఉంది, అంతే. చెమ్మ లేదు, మంట లేదు. మెడ మీద నల్లబడ్డ చోటు కూడా పలచబడుతూ ఉంది. అద్దంలో నన్ను నేను కాసేపు చూసుకోగలిగాను కాబట్టే ఇప్పుడు రాయడానికి కూర్చున్నాను. డైరీలో ఈ నెలల పేజీలు ఉన్నాయి గాని, వాటిలో సగం "ఈరోజు ఎక్కువ", "ఈరోజు తక్కువ" అన్న మాటలే. నలుగురిలో నోరు విప్పి చెప్పడం నాకు చేతకాదు. కాగితం మీదైనా వరసగా చెప్పుకోవాలనిపించింది. ఇలాంటిదే వచ్చి తలుపు వేసుకుని కూర్చున్న అమ్మాయి ఎవరైనా ఇది చదివితే, ఆమె పక్కన కాసేపు కూర్చున్నట్టు ఉండాలని కూడా.

దురద గురించి ఎక్కువ రాయను. అది వచ్చినవాళ్ళకు చెప్పక్కర్లేదు, రానివాళ్ళకు చెప్పినా తెలియదు. నన్ను నిజంగా భయపెట్టింది వేరే. నా చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే చేతులు వెనక్కి తీసుకోవడం. నన్ను ముట్టుకునే మనిషి చివరికి ఒక్కరైనా మిగులుతారా అన్నదే ఆ నాలుగైదు నెలలూ నా భయం.

జనవరి, 1986

మాది పర్చూరు దగ్గర పల్లె. నాన్న చర్చి బడిలో పంతులు, ఆదివారం వాక్యం చెప్పేది కూడా ఆయనే. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను పెంచింది నాయనమ్మ. కిందటి నవంబరులో ఒకటో తరగతి టీచరుగారు కాన్పుకు వెళ్తే, ఆవిడ వచ్చేదాకా ఆ తరగతి నాకు అప్పగించారు. పెద్దవాళ్ళ ముందు తల ఎత్తలేని నేను ఆ పిల్లల ముందు మాత్రం ఏనుగులా ఘీంకరించాను, కప్పలా గెంతాను. అంత సంతోషంగా నేను ఎప్పుడూ లేను.

క్రిస్మస్ అయ్యాక నడుం దగ్గర, లంగా బొందు కట్టేచోట, కుడివైపు అరచేతి మేర ఎర్రగా కందింది. "బొందు అంత బిగించి కడితే కందదా మరి" అంది నాయనమ్మ. వదులు చేసి కట్టుకున్నాను. తగ్గలేదు. సంక్రాంతి సెలవులు అయిపోయేసరికి చెవి వెనక, మెడ మీద, కుడి చెంప మీద చిన్న చిన్న నీటి పొక్కులు లేచాయి. ఒకరోజు పొద్దున లేచేసరికి కళ్ళు తెరుచుకోలేదు. రెప్పలు రెండూ బూరెల్లా ఉబ్బాయి.

ఊరు చుట్టూ కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజులవి. గాలి తిరిగితే బడిలో పిల్లలంతా ఒకేసారి తుమ్మేవారు. తొడిమలు తీసే ఆడవాళ్ళు సాయంత్రానికి చేతులు మండి మజ్జిగలో ముంచుకుని కూర్చునేవారు. అందుకని ఇది మిరప ఘాటేనని నాన్న అన్నారు, ఆరెంపీ డాక్టరు అన్నాడు, ఊరంతా అంది. పట్టణంలో చదివొచ్చిన పిల్ల, ఒళ్ళు సుకుమారం అన్నారు.

కానీ అందరూ ఒళ్ళు సుకుమారం అనే అనుకోలేదు. ఒక తల్లి బడి గుమ్మం దగ్గర నిలబడి, "టీచరమ్మా, ఏమనుకోబాకండి. మా పిల్లని కాస్త ఎనక వరసలో కూచోబెట్టండి" అంది. మర్నాటి నుంచి పిల్లలు పలకలు నా చేతికి ఇవ్వడం మానేశారు. నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి వెళ్ళి నిలబడేవారు. ఎవరో ఇంట్లో నేర్పి పంపారు. వాళ్ళ తప్పు లేదు. నేను వంగి పలక తీసుకుని, దిద్ది, మళ్ళీ నేల మీదే పెట్టేదాన్ని.

"పెద్ద జబ్బు" అని, కుష్ఠుకు మా వైపు అనే మాట నా చెవిన పడింది చర్చిలో, ఆడవాళ్ళ వరసలో, ప్రార్థనకు కళ్ళు మూసుకున్నప్పుడు. ఆ మాట ఎవరు అన్నారో చూడకూడదని కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాను.

ఆ వారంలోనే నాన్న, "కొన్నాళ్ళు ఇంట్లో ఉండమ్మా కరుణా" అన్నారు. ఆయన నా వైపు చూడలేదు. నా కంచం, గ్లాసు విడిగా పెట్టమని ఆయన చెప్పలేదు గాని, ఎవరో పెట్టినట్టు అవి విడిగానే ఉండేవి.

నాయనమ్మ ఒక్కతే ఏమీ మారలేదు. నా తల తన ఒళ్ళో పెట్టుకుని కొబ్బరినూనె రాసేది. పొక్కుల మీది నీరు తన కొంగుతో అద్దేది. పక్కింటావిడ గోడ మీద నుంచి "ముట్టుకోమాక పెద్దమ్మా, అంటుకుంటది" అంటే, నాయనమ్మ గొంతు వీధి చివరికి వినిపించింది.

"అంటుకునేదయితే ఈపాటికి నాకు అంటుకోవద్దా? డెబ్బయ్యేళ్ళదాన్ని, నాకేం పెళ్ళి కావాలా, పేరంటం కావాలా? అంటుకోనీ, చూద్దాం."

ఆ మాటకు ఆ నెలలో మొదటిసారి నవ్వాను. చెంప పగిలి నొప్పి పుట్టింది.

ఫిబ్రవరి

నాన్న రెండు సంగతులు నిర్ణయించారు. ముందు గుంటూరులో చర్మం డాక్టరుగారికి చూపించడం. తగ్గకపోతే నన్ను సింగరాయకొండలో అత్త ఇంటికి పంపేయడం. అక్కడ సముద్రపు గాలి, మిరప కళ్ళాలు ఉండవు. "ఎన్నాళ్ళు?" అని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

ఆసుపత్రి వరండాలో చెక్క బెంచీలు. నేను ఒక చివర కూర్చున్నాను. మెడ చుట్టూ కొంగు కప్పుకున్నా చెంప కనిపిస్తుంది కదా. జనం కిక్కిరిసి ఉన్నా నా పక్కన మనిషి పట్టేంత ఖాళీ అలాగే ఉండిపోయింది. నాన్న చీటీ కోసం వరసలో ఉన్నారు.

అప్పుడు పచ్చ చీర కట్టుకున్న ఒకావిడ వచ్చి ఆ ఖాళీలో దభీమని కూర్చుంది. భుజం భుజం తగిలింది. నేను జరగబోయాను.

"యాడికి పోతావ్? కింద పడతావ్. కూచో" అంది. "నీదీ మిరపకాయేనా?"

"అలాగే అంటున్నారండి."

"నాది పత్తి మందు. పెదకాకాని మాది. మా ఆయన మందు కొడతంటే నీళ్ళు నేను పోశా. పోసిన చేతికి వచ్చింది గాని కొట్టినాయనకి రాలా. మొగోళ్ళని జబ్బు కూడా అడిగి వచ్చుద్దేమో." తన మోచేతులు చూపించింది. నావాటికన్నా ఏమంత బాగా లేవు. "ఏం చదువుకున్నావ్?"

చెప్పాను. పిల్లలకు పాఠాలు చెప్తానని కూడా చెప్పాను. ఇప్పుడు చెప్పడం లేదని చెప్పలేదు.

"అట్టనా! అయితే ఈ గోడ మీద ఏం రాసిందో చదివి పెట్టు. గంట నించీ చూస్తన్నా."

"ఉమ్మి వేయరాదు అని."

"ఓస్, ఇంతేనా!" అని గట్టిగా నవ్వి, సంచిలోంచి జామకాయ తీసి, కొరికి సగం చేసి నాకు ఇచ్చింది. ఆవిడ పేరు అడగడానికి నాకు నోరు రాలేదు. ఇప్పటికీ తెలియదు. జామకాయ తిన్నాను.

డాక్టరుగారు సన్నగా, కళ్ళజోడు పెట్టుకుని, నెమ్మదిగా మాట్లాడే ఆడమనిషి. నా చెంప, మెడ, నడుం అన్నీ తన చేతులతో తాకి చూశారు. తొడుగులు వేసుకోలేదు. "నువ్వు భయపడుతున్న జబ్బు కాదు" అన్నారు, నేను అడక్కుండానే. అప్పటిదాకా ఏడవని నేను అక్కడ ఏడ్చాను. ఆవిడ చీటీ రాయడం ఆపి, నేను ఆపేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు.

ఇది ఎలర్జీ అన్నారు. దేనివల్లో తెలియాలంటే కొన్నాళ్ళు వార్డులో ఉండాలన్నారు.

వార్డులో తగ్గింది. మూడు, నాలుగు రోజులకే కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. పొక్కులు ఎండి పొలుసులు రాలాయి. "చూశారాండీ, మిరప గాలి లేకపోయేసరికి!" అన్నారు నాన్న డాక్టరుగారితో. ఆవిడ మాత్రం ఒక జాబితా రాసి ఇచ్చారు. ఇంటి దగ్గర నుంచి ఎండు మిరప, పత్తి ఆకు, పొగాకు, నా సబ్బు, నూనె, పౌడరు, అన్నీ కొంచెం కొంచెం తెమ్మన్నారు. వాటిని గుడ్డముక్కల మీద పెట్టి నా వీపుకు వరసగా అంటించారు. రెండు రోజులు నీళ్ళు తగలకూడదు. నేరం చేసినవాడు ఎవడో వాడి కింద ఎర్రగా పొంగుతుందట.

రెండు రోజుల తర్వాత తీసి చూస్తే వీపు శుభ్రంగా ఉంది. మిరప కింద కూడా ఏమీ లేదు. నాన్న ముఖం వాడిపోయింది. శత్రువు ఎవరో తెలియకపోవడం కన్నా మిరపకాయే శత్రువు కావడం ఆయనకు మేలనిపించినట్టుంది.

"మిరప అందరినీ మండిస్తుందండీ, అది దాని గుణం. ఎలర్జీ ఒక్కరికే వస్తుంది, అది ఒంటి గుణం" అన్నారు డాక్టరుగారు.

మధ్యాహ్నాలు వార్డులో నేను నాన్న బీరువాలోంచి తెచ్చుకున్న పుస్తకాలు చదువుకునేదాన్ని. అది చూసి ఒకరోజు ఆవిడ నా మంచం అంచున కూర్చుని, మందు చీటీ వెనక ఒక బొమ్మ గీశారు. చుక్కలాంటి కణం, దానికి నలువైపులా చాచిన చేతులు.

"ఇవి నీ చర్మంలో పై పొరల్లోనే ఉంటాయి. ఒకదాని చేతులు ఒకటి అందుకునేంత దగ్గరగా, ఒళ్ళంతా పరుచుకుని ఉంటాయి. ఎప్పుడో ఒక జర్మనీ కుర్రాడు, వైద్యం చదువుకుంటూ వీటిని మొదట చూశాడు. నరాలనుకున్నాడు. తర్వాత నూరేళ్ళ దాకా వీటి పనేమిటో ఎవరికీ సరిగ్గా తెలియలేదు."

"ఏం పనండీ?"

"కాపలా. బయటి నుంచి కొత్తది ఏదైనా లోపలికి వస్తే పట్టుకుంటాయి. పట్టుకుని, గజ్జల్లోనూ చంకల్లోనూ బిళ్ళలు కడతాయే, అక్కడికి తీసుకుపోతాయి. అక్కడుండే తెల్లకణాలకు దాన్ని చూపిస్తాయి. ఇదిగో, వీణ్ణి గుర్తుపెట్టుకోండి అని. ఇదంతా జరిగేటప్పుడు పైకి నీకేమీ తెలియదు. కొన్నాళ్ళకు అదే మళ్ళీ వచ్చినప్పుడు, గుర్తుపెట్టుకున్న కణాలన్నీ ఆ చోటికి పరుగెత్తుకొస్తాయి. ఆ గొడవే నీ చెంప మీద కనిపించేది."

"అయితే నా చర్మం నన్ను కాపాడబోయి ఇలా చేసిందా?"

"అవును. మరీ ఎక్కువ కాపాడబోయి." బొమ్మలోని చేతులకు ఇంకో గీత కలిపారు. "కానీ అమ్మాయ్, రోజూ ఒంటికి ఎన్ని కొత్తవి తగులుతాయి! అన్నిటికీ ఇలా గొడవ చేస్తే మనం బతకలేం. చాలావాటికి మన ఒళ్ళు పోనీలే అని ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడం కూడా నేర్చుకునేదే. గొడవ చెయ్యమని చెప్పే ఈ కణాలకే ఊరుకోమని చెప్పడంలోనూ పాత్ర ఉందేమోనని ఇప్పుడు వెతుకుతున్నారు. ఎప్పుడు ఏది చెప్తాయో ఇంకా తెలియదు. నాకూ తెలియదు."

పెద్ద డాక్టరు నాకు తెలియదు అనగా వినడం నాకు అదే మొదటిసారి. ఆ బొమ్మ ఇమ్మని అడిగి తీసుకున్నాను. చేతులు చాచిన ఆ కణం మీద నాకు కోపం రాలేదు.

మార్చి

ఇంటికి పంపేద్దాం అనుకుంటున్న వారంలో నాయనమ్మ వచ్చింది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని నా దిండు మోసుకొచ్చింది.

"ఈ ఆస్పత్రి దిండ్లు రాళ్ళు. ఇంట్లోది వేసుకుని పడుకో, మెడ నెప్పులు పుడతయ్" అంటూ పాతది లాగేసి అది వేసింది. మా పొలం దూదితో తను కుట్టిన దిండు. ముఖం పెట్టగానే ఇంటి వాసన వేసింది. ఆసుపత్రికి వచ్చాక అంత హాయిగా నిద్రపోవడం అదే.

ఒక రోజు గడిచింది. మర్నాడు పొద్దున చెవి వెనక చిటచిటలాడింది. సాయంత్రానికి చెంప ఉబ్బింది, పొక్కులు లేచాయి. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఇక సింగరాయకొండే అనుకున్నాను. అక్కడ కూడా ఇదే వస్తే ఇంకెక్కడికి పంపుతారు?

డాక్టరుగారు వచ్చి చూసి, ఎందుకో ఉత్సాహపడ్డారు. "నిన్నా మొన్నా కొత్తగా ఏమొచ్చింది నీ దగ్గరికి?"

"ఏమీ రాలేదండీ. మా నాయనమ్మ వచ్చింది."

"ఆవిడతో?"

"దిండు."

ఆవిడ దిండు తీసి రెండు చేతులతో మూలమూలా నొక్కి చూశారు. ఒక మూల వేళ్ళు ఆగాయి. బ్లేడు తెప్పించి కుట్టు విప్పారు. దూది అక్కడ గోధుమరంగుకు తిరిగి జిగటగా ఉంది. దాని మధ్య నల్లదారానికి గుచ్చిన రెండు నల్లజీడి గింజలు. చాకళ్ళు బట్టల మీద గుర్తు పెట్టడానికి వాడే గింజలు అవి. పిల్లలకు దిష్టి తగలకుండా కట్టేవీ అవే.

అప్పుడే నాన్న కాఫీ ఫ్లాస్కుతో వచ్చారు. మంచం పక్కన నేల మీద కూర్చున్న నాయనమ్మ లేచి నిలబడింది. ఎవరూ అడగలేదు.

"నేనే పెట్టానమ్మా" అంది డాక్టరుగారితో.

"అమ్మా, ఏంటిది?" అన్నారు నాన్న. వార్డులో అందరూ వింటున్నారని ఆయన గొంతు తగ్గించారు. ప్రతి ఆదివారం దిష్టి తీయడాలూ తాయెత్తులూ మానమని ఊరికి చెప్పే మనిషి.

"పిల్ల టీచరయ్యి, ఇస్త్రీ చీర కట్టుకుని ఈధి ఎంట పోతంటే ఎన్ని కళ్ళు పడ్డయ్యో నీకేం తెలుసు! ముందు లంగా బొందు దూర్చే నేఫాలో ఒకటి పెట్టి కుట్టా. తర్వాత నడుం కందేసరికి, దిష్టి బలంగా ఉందని దిండులో రెండు పెట్టా."

"మనం ప్రార్థన చేస్తున్నాం గదమ్మా!"

"నీ ప్రార్థన నువ్వు చెయ్, నేనొద్దన్నానా? నేనూ చేశా. చేసి, ఇదీ పెట్టా."

పక్క మంచం ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. డాక్టరుగారు నవ్వలేదు. దారం గుచ్చడానికి కాల్చిన సూదితో పొడిచినందువల్ల గింజలోని రసం బయటికి వచ్చిందనీ, నా తలనూనె తగిలి అది గుడ్డలోంచి పైకి ఊరిందనీ నెమ్మదిగా చెప్పారు. నాయనమ్మ అంతా విని ఒక్కటే అడిగింది.

"మరి నేను చిన్నప్పటి నించీ ఇయ్యి ముట్టుకుంటన్నా గదమ్మా. నాకేం కాలేదే?"

"మీ ఒళ్ళు ఊరుకోవడం నేర్చుకుంది. ఈ పిల్లది నేర్చుకోలేదు. ఎందుకు నేర్చుకోలేదో నేను చెప్పలేను."

"ఇక మీదట నేర్చుకుంటదా?"

"లేదమ్మా. దీని ఒళ్ళు ఆ గింజను ఇక మరచిపోదు."

నాయనమ్మ తన రెండు చేతులూ ఒకసారి చూసుకుని, కొంగు కింద పెట్టేసుకుంది.

ఏప్రిల్

జబ్బు తగ్గింది. లంగాలన్నీ విప్పి చూసి, ఆ దిండునూ ఆ లంగానూ లోతుగా గొయ్యి తీసి పూడ్చాం. ఆ పొగ కూడా మంచిది కాదని డాక్టరుగారు కాల్చవద్దన్నారు. వేసవి సెలవుల ముందు మిగిలిన రోజులకు బడికి వెళ్ళాను. పిల్లలు ఒకరోజు దూరంగా చూశారు. రెండోరోజు నేను కోతిలా పళ్ళికిలించగానే మీద పడ్డారు. పలకలు మళ్ళీ నా ఒళ్ళోకి వచ్చాయి. నాన్న సింగరాయకొండ మాట ఎత్తలేదు. నాయనమ్మను ఒక్క మాట కూడా అనలేదు. కొత్త దిండు తనే కొని తెచ్చారు.

కానీ నాయనమ్మ నన్ను ముట్టుకోవడం మానేసింది.

బూడిదతో, సబ్బుతో, చింతపండుతో చేతులు తోమి తోమి వేళ్ళు పగిలాయి. అన్నం గరిటెతో ఎత్తు నుంచి వేసేది. నేను పక్కన కూర్చుంటే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచేది. ఊరంతా వెనక్కి తీసుకున్నప్పుడు కూడా నా మీద నుంచి తీయని చేతులు అవి. ఎందుకలా అని నేను అడిగితే, "గింజ రసం గోళ్ళ సందుల్లో ఉంటదేమోనే" అనేది. లేదు అంటే, "నీకేం తెలుసు? నీ ఒళ్ళు మరచిపోదన్నారుగా" అనేది.

ఇక్కడ ఒక మాట రాయాలి. ఇలాంటిది మీ ఇంట్లో వస్తే, పొలంలోనూ గాలిలోనూ వెతికాక, మీ కోసం ప్రేమగా చేసిపెట్టినవాటిలో కూడా వెతకండి. దొరికాక, చేసినవాళ్ళను గురించి కూడా ఆలోచించండి. నాకు లోషన్ ఇచ్చారు, మాత్రలు ఇచ్చారు. నాయనమ్మకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

మే

డాక్టరుగారు మళ్ళీ ఒకసారి చూపించమన్నారు. నాన్న, నేను బయలుదేరుతుంటే నాయనమ్మ చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని వచ్చి నిలబడింది. "నాకూ పనుంది ఆమెతో" అంది.

డాక్టరుగారు నా మెడ చూసి బాగుందన్నారు. నాయనమ్మ ముందుకు వచ్చింది.

"అమ్మా, ఈ పిల్ల వీపున ఏయ్యేవో అంటించి చూశారంట గదా. మిరపకాయ, పత్తాకు."

"అవునమ్మా."

"నా చెయ్యి కూడా ఒకసారి అంటించి చూడండి."

వెనక నిలబడ్డ నర్సు కిసుక్కున నవ్వింది. డాక్టరుగారు కళ్ళజోడు తీసి నాయనమ్మ పగిలిన వేళ్ళు చూశారు. తర్వాత నా వైపు చూశారు.

"అది రెండు రోజుల పరీక్షండీ. అంతసేపు మీకు ఇక్కడ మంచం ఇవ్వలేను. ఇంటికి వెళ్ళి మీరే పెట్టి చూడండి. ఎర్రగా పొంగితే తీసుకురండి, నేనున్నాను" అన్నారు. మాటలో ఎక్కడా వేళాకోళం లేదు.

తిరుగు బస్సులో నాన్న ముందు సీటులో కూర్చున్నారు. మేమిద్దరం వెనక. చిలకలూరిపేట దాటేదాకా నాయనమ్మ చేతులు కొంగు కింద నుంచి తీయలేదు. తర్వాత, "యాడ పెట్టమంది?" అని అడిగింది, నా వైపు చూడకుండా.

నేను ముందుకు వంగి కొంగు పక్కకు తీసి, వీపున జాకెట్టు పైన, మెడ కింద చోటు చూపించాను. "ఇక్కడ."

నాయనమ్మ అరచేతిని చీరకు రెండుసార్లు తుడుచుకుంది. తర్వాత ఆ చెయ్యి వచ్చి ఆనింది. గరుగ్గా, వేడిగా, ఎక్కడైనా జారిపోతుందేమో అన్నట్టు గట్టిగా. బస్సు కుదిపినప్పుడల్లా ఇంకా గట్టిగా అదిమింది. కోసేసిన మిరప చేలు, మోళ్ళు మిగిలిన పత్తి చేలు కిటికీ పక్కన పోతున్నాయి. నేను కదలలేదు.

చాలాసేపటికి చెయ్యి తీసి వంగి చూసింది. "ఓరి దేవుడా, ఎర్రబడిందే!" అంది. 

నాన్న లేచి వెనక్కి తిరిగి చూశారు. వంగి ఉన్న నా మెడ వెనక చూశారు, ఆవిడ ముఖం చూశారు. "అంత గట్టిగా అదిమితే ఎవరికైనా ఎర్రబడుద్దమ్మా. కాసేపు ఊరుకో. పోద్ది" అన్నారు.

ఇద్దరూ నా వీపు వైపే చూస్తున్నారు. నాకు కనిపించదు కాబట్టి నేను వాళ్ళ శ్వాస వింటూ కూర్చున్నాను. పర్చూరు పొలిమేర వచ్చేసరికి, "పోయింది" అన్నారు నాన్న.

"సరిగ్గా చూడరా."

"పోయిందమ్మా. ఏం లేదు."

నాయనమ్మ తను కూడా వంగి చూసుకుంది. వేలితో ఆ చోటు చుట్టూ ఒకసారి గీసి చూసింది. తర్వాత చెయ్యి మళ్ళీ అక్కడే పెట్టింది. ఈసారి బరువు వెయ్యకుండా.